రెండు గోడల నడుమ జొన్నచేను

ఏటి ఒడ్డున ఒక నగరం ఉండేది. దాని చుట్టూ గోడ కట్టేవాడు మాచన.

నగరంలో జనం పెరిగినప్పుడల్లా రాజు గోడను ముందుకు జరపమనేవాడు. మాచన పాత గోడ పడగొట్టి, పొలాల్లో కొత్త పునాది తీసేవాడు. గోడ లోపలికొచ్చిన పొలాల్లో ఇళ్లు లేచేవి. రైతులు ఇంకాస్త దూరం పోయి అడవి నరికి దున్నుకునేవారు. పంట పండేది, పిల్లలు బతికేవారు, మళ్లీ ఇళ్లు చాలేవి కావు.

ఒక ఏడు మాచన కూతురు కవలల్ని కన్నది. ఇంట్లో నడుం వాల్చే చోటు లేక అల్లుడు అరుగు మీద కూర్చునే నిద్రపోయేవాడు. ఏ ఇంట చూసినా అదే ఇరుకు.

"ఈసారి తూర్పు గుట్ట అవతల కట్టు" అన్నాడు రాజు.

గుట్ట అవతల లోయనిండా చేలున్నాయని అందరి నమ్మకం. మాచన కొలతతాడు భుజాన వేసుకుని గుట్ట ఎక్కాడు. పైనుంచి అవతలికి చూశాడు.

లోయకు ఆ పక్క ఇంకో నగరం. పుట్ట పగిలి చీమలు పారినట్టు జనం. వాళ్ల గోడ ఇటే దిగివస్తోంది. నడుమ మిగిలింది ఒక్క జొన్నచేను. దాని గట్టున, భుజాన తాడుతో ఒకడు నోరు తెరుచుకుని మాచనకేసే చూస్తున్నాడు.

మాచన దిగి వెళ్లాడు. "ఎవరయ్యా నువ్వు?"

"గోడలు కడతాను. మా రాజు ముందుకు జరపమన్నాడు."

"నా పనీ అదే. ఇది కాక మీకు వేరే పొలాలున్నాయా?"

"వెనకంతా ఇళ్లే. మీకు?"

మాచన మళ్లీ గుట్టెక్కి వెనక్కి చూశాడు. ఏటిదాకా ఇళ్ల కప్పులే. కట్టినన్నాళ్లూ అతను ముందుకు చూడటమే తప్ప అటు చూసింది లేదు.

పరుగున పోయి రాజు కాళ్ల మీద పడ్డాడు. "గోడ ఆపించండి ప్రభూ! గుట్ట అవతల ఇంకో నగరం ఉంది, వాళ్ల గోడా ఇటే వస్తోంది. ఇక పొలం లేదు."

"వాళ్లు ఆపుతారా?"

"ఏమో, ప్రభూ."

"అయితే వాళ్లకంటే ముందు కట్టు."

మాచన ఇంటికొచ్చాడు. కవలలు ఒకే చాపమీద ఒకరినొకరు తోసుకుంటూ ఏడుస్తున్నారు. మర్నాడు తాడు తీసుకుని మళ్లీ వెళ్లాడు.

రెండు గోడలూ ఆనుకున్న రోజున రెండు నగరాల్లోనూ డప్పులు మోగాయి. వానలు వచ్చేనాటికి గాదెలు అడుగంటాయి. కవలలకు ఏడ్చే ఓపిక కూడా పోయింది.

ఒక ఉదయం మాచన మట్టిచిప్ప పట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడు. అవతలివాళ్లను అడుక్కోవడానికి ఒక ఇటుక ఊడలాగాడు. దాని వెనక ఇటుక తనంతట తానే కదిలింది.

ఆ కన్నంలోంచి బక్కచిక్కిన చెయ్యి ఒకటి ఇటు వచ్చింది. అందులో ఉత్త చిప్ప ఉంది.

"అన్నా, గుప్పెడు గింజలు..." అంది అవతలి గొంతు.

మాచన అనబోయిన మాట అదే.