పొయ్యి ఊదినట్టు

డాక్టర్ ఖాదర్ దగ్గర ఛాతీ వైద్యం నేర్చుకుంటున్న వేణుధర్‌కి గ్రాఫులంటే ప్రాణం. ఊపిరి పరీక్ష కాగితం చేతికొస్తే చాలు, మనిషి కేసి చూడకుండానే జబ్బు పేరు చెప్పేసేవాడు. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా. అదే వచ్చిన చిక్కు.

ఓ రోజు కాగితం పట్టుకుని గురువుగారి గదిలోకి దూసుకొచ్చాడు.

"సార్, నూకాలమ్మ అని ఆయాసం కేసు. మూడుసార్లు ఊదించా, మూడూ ఒకేలా వచ్చాయి. ఊపిరితిత్తులు కుంచించుకుపోయాయి. ఇక తగ్గేది కాదని ఆమెకి చెప్పేయనా?"

ఖాదర్ సార్ కాగితం అందుకోలేదు. కళ్లజోడు సర్దుకుని లేచారు.

పరీక్ష గదిలో నూకాలమ్మ యంత్రం ముందు బుద్ధిగా కూర్చుని ఉంది. ముక్కుకి క్లిప్పు అలాగే ఉంది. తీయడం మన మేధావి మరిచిపోయాడు.

సార్ క్లిప్పు తీశారు. "అమ్మా, ఈ బాబు నీకేం చెప్పాడు?"

"గొట్టంలో ఊదమన్నాడు. ఊదినాను."

"ఎలా ఊదావు?"

"ఎలాగేటి బాబూ, పొయ్యి ఊదినట్టే." పెదాలు సున్నాలా చుట్టి, నిప్పుకి జోల పాడుతున్నట్టు మెల్లగా ఊది చూపించింది.

"గట్టిగా ఊదితే?"

"బూడిద మొకాన పడిపోదేటి!"

వేణుధర్ కాగితం మడతపెట్టాడు. ఎందుకో విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

సార్ ఓ స్టూలు లాగి ఆమెకి ఎదురుగా వేసి, శిష్యుణ్ణి భుజాలు పట్టి కూర్చోబెట్టారు.

"ఇదిగోనమ్మా. ఈసారి బూడిదంతా వీడి మొహాన పడాలి. లోపల ఏమీ మిగల్చకు."

నూకాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "పాపం, పెళ్లి కావలసిన బాబు!"

వేణుధర్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా క్లిప్పు మళ్లీ పెట్టి, గొట్టం ఆమె నోటికి అందించి ముందుకి వంగాడు. "ఊదమ్మా! ఒక్కసారిగా, గట్టిగా! నా మొహం కనబడకూడదు! ఇంకా, ఇంకా, ఇంకా... ఆపకు!"

తెర మీద గీత కుక్కని చూసిన పిల్లిలా పైకి లేచింది. అయితే దిగేటప్పుడు నడుం వంగిపోయింది. మందు పీల్పించి, కాసేపాగి మళ్లీ ఊదించారు. ఈసారి గీత ఇంకా పైకెక్కింది, నడుమూ కాస్త నిలబడింది.

ఊపిరితిత్తులు కుంచించుకోలేదు. గాలి దారులు బిగుసుకున్నాయంతే. మందు తగిలితే తెరుచుకుంటున్నాయి. ఆస్తమా.

"తగ్గుతాదా బాబూ?"

"మందు మానకుండా పీలిస్తే హాయిగా తిరుగుతావమ్మా," అన్నాడు వేణుధర్, ఆమె కేసే చూస్తూ. "పొయ్యి పొగకి మాత్రం దూరంగా ఉండు."

ఆమె వెళ్లాక పాత కాగితం చించేసి, పెన్ను తీశాడు.

"రిపోర్టులో ఏం రాయమంటారు సార్?"

ఖాదర్ సార్ జేబులోంచి రుమాలు తీసి అందించారు.

"రాద్దువుగాని. ముందు మొహం తుడుచుకో."

గదిలో బూడిద ఎక్కడా లేదు. వేణుధర్ రుమాలు అందుకుని, శ్రద్ధగా తుడుచుకున్నాడు.