ఏ ఊరమ్మా మీది?

రాజులింకా ఏనుగులెక్కే రోజుల్లో రేవుపట్నంలో సమతా సత్రమని ఒకటుండేది. దాన్ని కట్టించిన సర్వోత్తమయ్య, తనంత విశాలహృదయుడు లేడని తానే ఒప్పుకునేవాడు. సత్రంలో ఎవరూ ఎవరినీ కులం, ఊరు అడగకూడదు. అడిగినవాడు, అడిగించుకున్నవాళ్లకు స్వయంగా వండి వడ్డించాలి. ఈ నియమం పెట్టిందీ, ఊరూరా దండోరా వేయించిందీ ఆయనే.

ఆ ఏడు కరువుకు ఎగువసీమ జనం వచ్చి సత్రం ముందు బారులు తీరారు. సర్వోత్తమయ్య గుండె కరిగింది. కానీ వీళ్లకు పెడితే సొంత ఊరి పేదలేమైపోతారు? పాపం, ఆయనకు ద్వేషమేమీ లేదు, ఊరి మీద ప్రేమ తప్ప. అందుకే పై ఊళ్లవాళ్లను ఏరి పంపేద్దామని స్వయంగా గుమ్మంలో నిలబడ్డాడు.

వరసలో ముందున్న చాపలల్లే గవరమ్మను, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు.

గవరమ్మ తిన్నగా లోపలికొచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "భోంచేశాక చెబుతానయ్యా. ముందు ఎసరు పెట్టండి."

ఊరంతా చూస్తోంది. ఆ నియమం ఎదుటివాళ్లకేనని ఇన్నాళ్లూ అనుకున్న సర్వోత్తమయ్య పొయ్యి రాజేశాడు. పొగకు కళ్లు కారుతుంటే, అది కరుణేనని సర్దిచెప్పుకున్నాడు.

అంతలో గుమ్మం అవతల జనమంతా కేకేశారు: "అయ్యా, మమ్మల్ని కూడా ఏ ఊరని అడగండయ్యా!"