జమీందారుకి పాలు పోసిన జోజప్ప కుటుంబం

మా విచారణలో, అంటే మా చర్చి కిందున్న జనం మొత్తానికీ, తెలివైనవాడు జోజప్ప. ఈ మాట జోజప్పే చెప్పాడు. పెళ్ళాం ఇన్నాసమ్మ అవునంది, తమ్ముడు శౌరి ముమ్మాటికీ అవునన్నాడు. ముగ్గురు చెప్పాక ఇంక తిరుగేముంది?

పండగ సాయంత్రం గుడి ముందు తెర కట్టించి సినిమా వేయిద్దామనుకున్నారు విక్టర్ ఫాదర్ గారు. టౌన్లో హత్య సినిమా ఒకటి ఆడుతోంది. అది చూసొచ్చే పని ఈ ముగ్గురూ కాళ్ళావేళ్ళా పడి పుచ్చుకున్నారు.

“మన కథోలిక కుటుంబాలు పిల్లాజెల్లాతో కూర్చుని చూడదగ్గదో కాదో చూసి చెప్పండి. పాపం చేసినవాడు చివరికి పశ్చాత్తాపపడాలి, అది ముఖ్యం. పనికిరాదంటే తేనెటీగల పెంపకం సినిమానే మళ్ళీ వేయిస్తాను,” అన్నారు ఫాదర్.

ఆ తేనెటీగల్ని పిల్లలు నాలుగేళ్ళుగా చూస్తున్నారు. పాపం, జోజప్ప వెనకాలే ఊరి చివరిదాకా వచ్చి దండాలు పెట్టారు.

హాల్లో ముగ్గురూ కూర్చున్నారు.

“కూర్చుని చూడదగ్గదే, కనబడుతోంది. నువ్వు నుంచుని చూడరా,” అన్నాడు జోజప్ప.

శౌరి నుంచున్నాడు. వెనకనుంచి వేరుశనగ తొక్కలు, తిట్లు వచ్చిపడ్డాయి.

“నుంచుంటే పనికిరాదన్నా!”

ఇంతలో తెరమీద జమీందారు పాలు తాగాడు, చచ్చాడు. ఇంకేముంది! ముగ్గురూ కుర్చీల మధ్య మోకాళ్ళూని, ఆయన ఆత్మ కోసం జపమాల అందుకున్నారు. జపం పూర్తయ్యేసరికి పోలీసులు గుమాస్తాకి బేడీలు వేస్తున్నారు. పాలల్లో విషం కలిపింది వాడేనట. ఒక్క కన్నీటి చుక్కైనా రాల్చకుండా జీపెక్కాడు.

“ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకోకుండానే, పాపసంకీర్తనం చెయ్యకుండానే పోతున్నాడయ్యా! పిల్లలకి మళ్ళీ తేనెటీగలేనా?” అని ఇన్నాసమ్మ గుండెలు బాదుకుంది.

“కంగారెందుకే? తరవాతి ఆటలో వాణ్ణే అడుగుదాం,” అన్నాడు జోజప్ప.

మ్యాట్నీకి మళ్ళీ వెళ్ళారు. చూస్తే, జమీందారు చేతికర్ర ఊపుకుంటూ మేడ దిగుతున్నాడు!

“వదినా, మన జపం పనిచేసింది! లేచొచ్చాడు!”

ముగ్గురూ ఆనందంతో ఏడ్చేశారు. అంతలో మళ్ళీ పాలగ్లాసు వచ్చింది.

“బాబుగారూ, తాగకండి! గుమాస్తా విషం కలిపాడు!” అని అరిచాడు జోజప్ప.

అంతే. చంపింది ఎవరో ఇంటర్వెల్ కాకముందే హాలంతటికీ తెలిసిపోయింది. నలుగురు కలిసి ముగ్గుర్నీ ఎత్తి బయట పడేశారు.

“చచ్చినవాడు మ్యాట్నీకి లేచాడండీ. చంపినవాడి సంగతే తేలలేదు. మీరెదురుగా ఉంటే వాడు కాదనలేడు, ఆ సినిమా ఇక్కడికి తెప్పించండి,” అని ఫాదర్ గారికి చెప్పాడు జోజప్ప.

ఆయనకి సగం అర్థమైంది, సగం నవ్వొచ్చింది. గుమ్మం దగ్గర పిల్లల ముఖాలు చూసి సరేనన్నారు. “చెడ్డగా ఉంటే మాత్రం మధ్యలో ఆపి తేనెటీగలు వేయిస్తాను,” అన్నారు.

పండగ సాయంత్రం ఊరంతా చాపలు పరుచుకుని కూర్చుంది. పాలగ్లాసు వచ్చీ రాగానే ఇన్నాసమ్మ చెంబు పట్టుకుని పరుగెత్తింది.

“అవొద్దు బాబుగారూ, మా గేదె పాలు తాగండి!” అని జమీందారు నోటికి గురిచూసి పోసింది. తెర తడిసి ముద్దయింది. అయినా ఆయన చచ్చాడు.

“రెండూ కలిపి తాగాడే!” అని శౌరి లబలబలాడాడు.

చివరికి గుమాస్తా కనబడ్డాడు. వాణ్ణి పట్టుకుందామని జోజప్ప తెరమీదకి దూకాడు. తెర కూలింది. అతన్ని లేవదీయడానికి ఫాదర్ గారు పరుగెత్తుకొచ్చి సరిగ్గా సినిమా మిషను వెలుగులో నిలబడ్డారు. గుమాస్తా ముఖం మీసాలతో సహా ఆయన తెల్లటి అంగీమీద, పొట్ట దగ్గర పడింది.

“కదలకండి ఫాదర్ గారూ! దొరికాడు!” అంటూ జోజప్ప ఆయన కాళ్ళు వాటేసుకున్నాడు.

ఇన్నాసమ్మ ఆ పొట్ట ముందు మోకాళ్ళూనింది. “నాయనా గుమాస్తా, ఇంతకంటే దగ్గరగా ఫాదర్ గారు నీకు దొరకరు. చెప్పేసుకో. మీరు కాస్త వంగి వినండి ఫాదర్ గారూ!”

ఫాదర్ గారికి నవ్వాగలేదు. పొట్ట కుదుపులు కుదుపులుగా ఊగింది. దానిమీద గుమాస్తా ముఖం వణికింది, పెదాలు వంకర్లు తిరిగాయి.

“ఏడుస్తున్నాడు! పశ్చాత్తాపపడ్డాడు!” అని ఎగిరి గంతేశాడు జోజప్ప. “సినిమా పనికొస్తుంది! పిల్లలూ, హాయిగా చూడండి!”

పిల్లలు ఈలలు వేశారు. శౌరి ఒక్క పరుగున వెళ్ళి మిషను వైరు పీకేశాడు.

“వాడు మళ్ళీ మనసు మార్చుకోకముందే ఆపేశానన్నా!”