దేసమ్మ ఎరగని చేప

జగన్నాయకులు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా గంతులేస్తూ వచ్చి "మాస్టారూ, కొత్తది దొరికింది" అంటే, ఆయన మైక్రోస్కోపు వైపు కూడా చూడకుండా "పాతదేమో చూడు" అని పంపించేసేవారు. విశాఖలో ముప్పై నాలుగేళ్లుగా ఆయన చెబుతున్న చదువు డయాటంల గురించి. గాజులాంటి పెంకులో కాపురముండే ఒంటికణపు నాచు అది. గుండుసూది తల మీద వంద కూర్చున్నా ఇంకో వందకు చోటుంటుంది. ఏ చెరువు నీళ్లు తెచ్చి చూపించినా అందులోని నాచుకు పేరూ ఊరూ చెప్పేవారాయన. "తెలియదు" అన్న మాట ఆయన నోట విన్నవాళ్లు లేరు.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న హైమవతి ఆ అలవాటుకు మూడుసార్లు బలైంది. నెల రోజులు ఓడలో కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకుని, దక్షిణ ధ్రువ ఖండం దాకా వెళ్లి, మంచు కరిగి నిలిచిన ఒక మంచినీటి చెరువు అడుగు నుంచి పద్దెనిమిది సీసాల బురద తెచ్చుకున్న మనిషి ఆమె. మూడో సీసాలో ఒక బుల్లి డయాటం కనిపించింది. పెంకుకు రెండు పక్కలా దువ్వెన పళ్లలా సన్నని గీతలు. నడుమన మాత్రం ఒక పక్క గీతలు లేని ఖాళీ. ఏ పుస్తకంలోనూ అలాంటిది లేదు. అయితే ఆ చెరువు మీద ఒక విదేశీ బృందం కూడా పనిచేస్తోంది. ఎవరు ముందు వర్ణించి అచ్చు వేయిస్తే పేరు పెట్టే హక్కు వాళ్లది. ఆలస్యమైతే ఆమె నాలుగేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

మూడోసారి కూడా "పాతదేమో చూడు" అనేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"ఇంకెంత చూడాలండీ? ఇది కొత్తదని నేనెప్పుడు అనొచ్చో ఆ ఒక్క ముక్కా చెప్పండి."

"రేపు పొద్దున్నే చేపల రేవుకి రా. సంచీ తెచ్చుకో" అన్నారు మాస్టారు.

మర్నాడు రేవు కిటకిటలాడుతోంది. వేలం పాడించే గురయ్య ఒక చేపను తోక పట్టుకుని పైకెత్తి, "కొత్త సేప! ఎవులూ సూడని సేప!" అని గొంతు చించుకుంటున్నాడు. ఒక్కరూ తల తిప్పలేదు. రోజుకు నాలుగు కొత్త చేపలు అమ్ముతాడట అతను. మాస్టారు ఆ చేపను అడిగి తీసుకుని తిన్నగా దేసమ్మ దగ్గరికి నడిచారు. యాభై ఏళ్లుగా ఆ రేవులో చేపలమ్ముకుని బతికిన ముసలమ్మ ఆమె.

"ఇదేమిటో చూసిపెట్టు దేసమ్మా."

దేసమ్మ చేతులు కడుక్కుంది. మొప్ప ఎత్తి చూసింది, పళ్ల మీద వేలు రాసింది, వీపు ముళ్లు లెక్కపెట్టింది. "సందువా పిల్లేటో అనుకున్నాను బాబూ. పిల్లప్పుడొక రూపు, పెరిగితే ఇంకో రూపు, సేపలు మాయదారివి. మరైతే సందువాకి పొట్టకింద రెక్కుండదు, దీనికుంది." ఇంకో నాలుగు పేర్లు తలచుకుని, ఒక్కొక్కటీ ఎందుకు కాదో చెప్పింది. అప్పటికీ తృప్తి పడక, పక్క గంపల దగ్గరున్న ఇద్దరు ముసలమ్మల చేతుల్లో పెట్టింది. వాళ్లు ఆమెకు రోజూ బేరం దగ్గర తగువులాడే పోటీదార్లు. వాళ్లూ తిప్పి తిప్పి చూసి తలలు అడ్డంగా ఊపారు. అప్పుడు దేసమ్మ నడుం నిలబెట్టుకుని, "నానెరగను బాబూ ఈ సేపని" అంది.

అంతే. "దేసమ్మ ఎరగదంట!" అన్న మాట రేవంతా పాకింది. వలలు సర్దుతున్నవాళ్లు వలలు వదిలేసి, బేరాలాడుతున్నవాళ్లు బేరాలు వదిలేసి వచ్చి ఆ చేప చుట్టూ మూగారు. అరుపులు కట్టిపెట్టి గురయ్య కూడా మెడ చాచి చూశాడు. మాస్టారు అరకిలో నెత్తళ్లు కొని హైమవతి సంచీలో పోయించి ఇంటికి వెళ్లిపోయారు. దేనికీ వివరణ ఇవ్వలేదు, నెత్తళ్లు ఎలా వండాలో మాత్రం చెప్పారు.

హైమవతి ఆ నెత్తళ్లు మాడ్చేసింది. "పిల్లప్పుడొక రూపు" అన్న మాట ఆమెను పట్టుకుంది. డయాటం పెంకు డబ్బా, మూత లాంటిది. అది రెండుగా విడిపోయినప్పుడు, డబ్బా వాటాకొచ్చిన పిల్ల దానిలో ఇమిడేలా ఇంకో చిన్న డబ్బా కట్టుకుంటుంది. అలా తరాలు గడిచేకొద్దీ సైజు తరుగుతుంది, పోలికలూ చెదురుతాయి. తను చూసినవన్నీ బుల్లివే! పెద్దవాటి నడుమ ఆ ఖాళీ లేకపోతే, తన కొత్త జాతి కాస్తా ఎప్పుడో పేరు పెట్టిన జాతి తాలూకు అరిగిపోయిన సంతానం అవుతుంది. ఇంతకాలం ఆ ఆలోచన తట్టనందుకు సిగ్గుతో కుంగిపోయింది.

పదకొండు నెలలు వెతికింది. పద్నాలుగో సీసాలో పెద్దవి దొరికాయి. ఒక్కొక్కదాని నడుమా చూసింది. ఖాళీ ఉంది! పెద్దదానికీ ఉంది, నడిపిదానికీ ఉంది, బుల్లిదానికీ ఉంది. అయినా మాస్టారి దగ్గరికి పరిగెత్తలేదు. ధ్రువాల నాచు క్షుణ్ణంగా ఎరిగిన ఏడుగురి పేర్లు రాసుకుని, ఫొటోలూ కొలతలూ పంపి "ఇదేమిటో మీకు తెలుసా?" అని అడగాలనుకుంది. ఏడో పేరు ఆ విదేశీ బృందపు పెద్దావిడది. దొంగ చేతికి తాళాలిస్తావా అని స్నేహితురాళ్లు చీవాట్లు పెట్టారు. రెండు రోజులు ఆ ఏడో ఉత్తరం పక్కన పెట్టింది. మూడో రోజు, దేసమ్మ కూడా పక్క గంపలవాళ్లనే అడిగింది కదా అనుకుని పంపేసింది.

ఆరుగురు తెలియదన్నారు. ఏడో జవాబు నెలకు వచ్చింది. "మా సీసాల్లోనూ ఇది ఉంది. తెలిసిన జాతేననుకుని రెండేళ్లుగా పట్టించుకోలేదు. మీ ఉత్తరం వచ్చాక మళ్లీ చూశాం. ఇదేమిటో మాకు తెలియదు. పేరు మీరే పెట్టాలి."

హైమవతి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, ఏడు ఉత్తరాలూ మాస్టారి బల్ల మీద పరిచింది. "ఎవరికీ తెలియదండీ!" అంది. అంత సంబరంగా ఆ మాట అన్నవాళ్లు ఆ భవనంలో అంతకుముందు లేరు.

మాస్టారు ఉత్తరాలు ముట్టుకోలేదు. ఆమె తెచ్చిన స్లైడును మైక్రోస్కోపు కింద ఉంచి, కళ్లజోడు పక్కన పెట్టి చూడడం మొదలుపెట్టారు. పెద్దది చూశారు, బుల్లిది చూశారు. మధ్యలో లేచి రెండు పాత పుస్తకాలు తెరిచి మూసి, మళ్లీ వచ్చి కూర్చున్నారు. అరగంటకు తల ఎత్తారు. కళ్లలో నీళ్లున్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది.

"రాసుకోమ్మా, ఎనిమిదోది" అన్నారు. "నాకూ తెలియదు."