గంగకిచ్చిన బొమ్మలు

సాయంత్రం ఏడవుతోంది. మధ్యాహ్నం మొదలైన వాన ఇంకా సన్నగా పడుతూనే ఉంది. అన్నాలయ్యాయి, పక్కలు పరిచి ఉన్నాయి. దగ్గరికి జరగండి మరి.

అనగా అనగా ఏటి గట్టున ఒక ఊరు. ఊరి చివర ఒక ఇల్లు. ఆ ఇంట్లో తోలుబొమ్మలాడించే వాళ్ళు. ఎంతమందంటే నలుగురు. ముసలామె చెంగలమ్మ, ఆమె కొడుకు ఓబులేసు, కోడలు అంకాలు, వాళ్ళ ఎనిమిదేళ్ళ పిల్ల సుంకులు.

రాజు లేడా అంటావా? ఎందుకు లేడు! రాజు, రాణి, రాక్షసి, దయ్యం, అందరూ ఉన్నారు. పెట్టెలో ఉన్నారు. మేకతోలు మనుషులు వాళ్ళు.

ఆ బొమ్మలన్నీ చెంగలమ్మ చేసినవే. తోలు నానబెట్టి, బొచ్చు గీకి, పల్చగా అద్దంలా అయ్యేదాకా ఎండబెట్టేది. బొమ్మ గీసి, ఉలితో సన్నసన్న చిల్లులు కొట్టి, రంగులద్దేది. అన్నిటికన్నా ఆఖర్న కన్ను పెట్టేది. కన్ను పెట్టేదాకా అది తోలు. కన్ను పెట్టాక అది మనిషి.

మేకిచ్చింది తోలు. తోలిచ్చింది బొమ్మ. బొమ్మిచ్చింది నీడ. నీడిచ్చింది కథ. కథిచ్చింది కూడు. ఆ కూడు తిని మళ్ళీ మేక దగ్గరికి. ఊ కొడుతున్నారా? కొట్టండి, లేకపోతే కథ అలిగి వెళ్ళిపోతుంది.

ఇంకో సంగతుంది. చెంగలమ్మ పాటలు కూడా కట్టేది. కానీ చెప్పుకునేది కాదు. ఆమె మొగుడు బతికున్న రోజుల్లో ఒకసారి చెప్పబోతే, పాట పెద్దలు కట్టాలి గానీ ఇంటికొచ్చిన కోడళ్ళు కట్టడమేమిటని నవ్వాడట. అప్పట్నించీ తను కట్టిన పాటని పెద్దల పాటల మధ్య ఇరికించి కొడుక్కి నేర్పేది. కొడుకు పాడేవాడు. జనం ఓబులేసు గొంతుని మెచ్చుకునేవాళ్ళు. ఆమె తెర వెనక దీపం వత్తి ఎగదోస్తూ కూర్చునేది.

వయసు మీద పడింది. మరుపు మొదలైంది. పొద్దున కట్టిన పాట మాపటికి ఉండదు. ఎలా మరి? ఊళ్ళో పంతులుగారికి ఏనుగు, గుర్రం బొమ్మలు గీసిచ్చి, బదులుగా నాలుగు అక్షరాలు నేర్చుకుంది. పాటలు రాసుకుంటే పోవు కదా. కానీ ఆ ఇంట్లో కాగితం ఎక్కడిది? తోలు ఉంది. ఆడే బొమ్మ మీద రాస్తే తెర మీద అక్షరాల నీడ పడుతుంది. అందుకని చిరిగిపోయి ఆటకి పనికిరాని బొమ్మల మీద రాసుకుంది. పెద్ద రాణి మీద పెద్ద పాట. చెలికత్తె మీద చిన్న పాట. మొత్తం నలభై.

అంకాలుకి చదువు రాదు. ఆ రాతలు చూసి, ముసలామె పొద్దుపోక చీమల బారులు గీసుకుంటోంది అనుకుంది. అత్త ఎన్నో సాయంత్రాలు పిలిచింది. రావే, కూర్చో, ఒకటి వినిపిస్తాను అని. అంకాలుది రోజూ ఒకటే జవాబు. అంట్లున్నాయత్తా. పిడకలున్నాయత్తా. పిల్ల ఏడుస్తోందత్తా. అబద్ధాలేం కాదు. అన్నీ ఉన్నాయి. రోజూ ఉన్నాయి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఆ ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. చిరిగిన బొమ్మని పారెయ్యరు. కన్ను పెట్టిన మనిషి కదా. పసుపూ కుంకుమా పెట్టి, అన్నం మెతుకులు నోటికి తాకించి, అమావాస్య నాడు ఏట్లో సాగనంపుతారు. అలా పంపకుండా అట్టిపెట్టుకుంటే ఆ బొమ్మ దయ్యమై ఇల్లు పట్టుకుంటుందని నమ్మకం. అంకాలు ఎప్పుడడిగినా అత్త వచ్చే అమావాస్యకి చూద్దాంలే అనేది. వచ్చే అమావాస్య వచ్చేది, పోయేది.

ఆ ఏడు ఒక్క ఊరివాళ్ళూ ఆటకి పిలవలేదు. పైగా సుంకులుకి జ్వరం, పది రోజులైనా దిగదు. పొరుగింటావిడ గుమ్మంలో నిలబడి, చచ్చినవాళ్ళని పెట్టెలో పెట్టుకుని సంసారం చేస్తుంటే జ్వరం కాక జాతరొస్తుందా అని ఎత్తిపొడిచింది. ఆ మాట అంకాలు గుండెలో ముల్లులా దిగింది.

అత్త చెల్లెలి ఊరికి పురుడు చూడటానికి వెళ్ళింది. అమావాస్య వచ్చింది. అంకాలు చిరిగిన బొమ్మలన్నిటినీ తీసింది. దొంగతనంగా కాదు, మర్యాదగానే. ఒక్కో బొమ్మకీ బొట్టు పెట్టింది. ఒక్కో బొమ్మకీ మెతుకు పెట్టింది. తోబుట్టువుల్ని అత్తారింటికి పంపినట్టు ఏడ్చింది కూడా. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి అన్నిటినీ గంగకిచ్చింది. ఆ సాయంత్రమే సుంకులుకి జ్వరం దిగింది. చూశావా అంది మొగుడితో.

మర్నాడు మధ్యాహ్నం అత్త తిరిగొచ్చింది. కాళ్ళు కడుక్కుంది. పెట్టె తెరిచింది. మూసింది. కోడలు సంబరంగా జరిగిందంతా చెప్పుకొచ్చింది. ముసలామె అరవలేదు, తిట్టలేదు. పీట మీద కూర్చుని, నెమ్మదిగా అడిగింది.

"ఏట్లో నీళ్ళెంత ఉన్నాయే?"

నిన్న మోకాలిదాకా, ఇవాళ పైన వానలు పడి పెరుగుతున్నాయని చెప్పింది అంకాలు. అప్పుడు చెప్పింది అత్త, ఆ చీమల బారులేమిటో. చెప్పి, లేచి, ఏటి వైపు నడిచింది. అంకాలు పిల్లని చంకనేసుకుని వెనకే పరుగెత్తింది. పిల్ల వెనక ఓబులేసు.

చాకిరేవులో అడిగితే, మేం చూడలేదు, వలవాణ్ణి అడగండన్నారు. వలవాణ్ణి అడిగితే, నా వలలో పడలేదు, పశులకాపరిని అడగండన్నాడు. పశులకాపరిని అడిగితే, అరమైలు కింద తుమ్మకంపలకి రంగురంగులుగా ఏవో తగులుకున్నాయన్నాడు. ఊ కొట్టండి.

ఉన్నాయి. ఓబులేసు ఆరింటిని తీశాడు. తోలు నాని మెత్తబడింది, రంగులు కలిసిపోయాయి. అక్షరాలు అక్కడక్కడ. ఏటి నడుమ, చేపల కోసం పాతిన వెదురు కర్రకి పెద్ద రాణి చిక్కుకుని ఉంది. ఎవరూ చూడకుండా చెంగలమ్మ నీళ్ళలోకి దిగేసింది. నడుముదాకా. రొమ్ముదాకా. రాణి కొంగు చేతికందింది. కాలు నిలవలేదు.

అంకాలు పిల్లని గట్టున దించి దూకింది. ఒక చేత్తో ఆ కర్రని పట్టుకుంది, ఇంకో చెయ్యి చాపింది. అత్తకి ఒక చేతిలో రాణి. రెండో చేతిని వరద లాగేస్తోంది.

"దాన్నొదిలెయ్ అత్తా. నన్ను పట్టుకో."

ముసలామె బొమ్మ వంక చూసింది. కోడలి వంక చూసింది. ఎంతసేపు? ఊ అనేంతసేపు. ఆ తర్వాత చెయ్యి విప్పింది. రాణి తిరగబడి, కన్ను పైకి పెట్టి, వంపు దాటి వెళ్ళిపోయింది.

గట్టెక్కాక అంకాలు అత్త కాళ్ళమీద పడింది. చెంగలమ్మ కోడలి తల తుడుస్తూ అన్న మాట ఇది.

"తప్పు నీదనను. చిరిగిన బొమ్మకి చెయ్యాల్సిందే చేశావు. నాతో చెప్పి చేసి ఉంటే బాగుండేది. నేనూ నీతో చెప్పి ఉంటే బాగుండేది."

ఆ రోజునించీ దీపాలవేళకి అంకాలు అంట్లు అంట్లలాగే వదిలేసి అత్త ముందు కూర్చునేది. ముసలామెకి ఒకరోజు ఒక పాదం గుర్తొచ్చేది, రెండోరోజు సగం పాదం. ఆరు బొమ్మల మీద మిగిలిన అక్షరాల్ని పట్టుకుని వెతుక్కునేది. అలా తొమ్మిది పాటలు నిలబడ్డాయి. అందులో ఒకటి ఇదిగో.

దీపమున్నంతసేపు రాణిని,
దీపమారితే మేకతోలుని,
ఆడించిన చేతినెవ్వరూ అడగరు,
నీడకి మాత్రం దండాలు.

పెద్ద రాణి మీది పాట మాత్రం రాలేదు. ఎంత తవ్వుకున్నా మొదటి మాట కూడా రాలేదు. బతుకంతా కట్టిన పాటల్లో అదే మంచిదని ఆమె అంటే, అంకాలు తల వంచుకునేది.

మళ్ళీ వానలొచ్చాయి, పంటలొచ్చాయి, ఊళ్ళవాళ్ళు ఆటకి పిలిచారు. ఆ ఆటలో దీపం పెట్టగానే అంకాలు తెర ముందుకొచ్చి, ఈ పాటలు పెద్దలెవరో కట్టినవి కావు, మా అత్త చెంగలమ్మ కట్టినవని చెప్పింది. జనం ముసలామెని ముందుకి పిలిచి కూర్చోబెట్టారు. తన బొమ్మల్ని తెరకి ఇవతలి నించి ఆమె చూడటం అదే మొదలు. అందరూ బాగున్నారు. జ్వరం మళ్ళీ రాలేదు. పొరుగింటావిడ కూడా పాట నేర్చుకుంది, గొంతు మాత్రం కాకిగొంతే.

నీతేమిటంటే, ఇంట్లో పెద్దావిడ పిలిచినప్పుడు కాసేపు కూర్చోండి. ఆవిడ దాచుకున్నది ముట్టుకునే ముందు ఒకమాట అడగండి. అంతే.

కథ కంచి దారి పట్టింది. మనం దుప్పట్లో దూరదాం.

ఏమిటీ? ఆ రోజు ఏటి దగ్గర్నించి అందరూ ఇంటికొచ్చారా అనా? వచ్చారు నాన్నా. అంకాలు గుమ్మంలో నిలబడి తడిబట్టలతోనే లెక్కపెట్టింది. అత్త ఒకటి. మొగుడు రెండు. పిల్ల మూడు. తను నాలుగు. చెలికత్తె, బంటు, రాక్షసి, ఇద్దరు చిన్న రాణులు, ఒక దయ్యం. పది.

పెద్ద రాణి కోసం మళ్ళీ మొదటినించి లెక్కపెట్టింది. పదే.