దానేసు అన్నదమ్ములు పాత బోటు కొన్న వైనం

మా పేటలో తెలివి పొంగిపొర్లే ఇల్లు ఒక్కటే. దానేసు వాళ్ళిల్లు. ఈ మాట నేనన్నది కాదు, వాళ్ళే అన్నారు. దానేసు, వాడి తమ్ముళ్ళు కొర్లయ్య, తోటయ్య, ముగ్గురూ పొద్దున్న లేచి మొహం కడుక్కోకముందే ఒకరినొకరు మెచ్చుకుంటారు. ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా అంతే చేస్తారట, అందులో సొంత పెత్తనం దూర్చరట, తెలివంటే అదేనట. వాన పడితే గొడుగు తీసుకెళ్ళమంటే తీసుకెళ్తారు. తెరవమని చెప్పలేదు కదా, చంకలో పెట్టుకుని తడిసి ఇంటికొస్తారు. మీరు ఇందాకటి నుంచి ముక్కు మూసుకుని ఇదేం వాసన అని అడుగుతున్నారు. చెప్తాను, దానికి ముందు బోటు సంగతి చెప్పాలి.

ఆ ఇల్లు నడిచేది దానేసు పెళ్ళాం మాసేనమ్మ వల్ల. తుఫానుకి వాళ్ళ బోటు ముక్కలైపోయాక, రెండేళ్ళుగా ముగ్గురూ ఆవిడ అన్న ఎల్లాజీ బోటు మీద కూలికి పోతున్నారు. ఎల్లాజీ మంచోడే, నోరే మంచిది కాదు. చేపలు పంచేటప్పుడు పదిమందిలో చెల్లెల్ని పిలిచి, ఇదిగో మీ తెలివైనోళ్ళ వాటా అని గంపలో చిన్న చేపలు పోసేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. మాసేనమ్మ తల వంచుకుని గంప ఎత్తుకుని పోయేది. 

ఈ ఏడాది సముద్రంలో రెండు నెలల వేట నిషేధం మొదలవగానే ఆవిడ పట్టుబట్టి కూర్చుంది. "పాతదైనా సరే, బోటు కొనండి. వేట తెరిచిన పొద్దుటికి మన బోటు నీళ్ళలో ఉండాల. నేను మళ్ళీ మా అన్న ముందు గంప పట్టుకుని నిలబడను" అంది. అంటూ అంటూ ఏడ్చేసింది. ముగ్గురూ హడలిపోయారు. తెలివి మాటెలా ఉన్నా, వాళ్ళకి ఆవిడంటే ప్రాణం.

మా పేటలో బోట్ల గురించి తెలిసినవాడు పైడయ్య తాత. ముగ్గురూ వెళ్ళి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. రంగు చూడొద్దు, కొత్త రంగు కింద పాత పగుళ్ళుంటాయన్నాడు. చేత్తో తట్టి చూడమన్నాడు, బోలుగా మోగితే వద్దన్నాడు. కొన్నాక ఇంజను తడవకుండా కాపాడుకోమన్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, తీరం కనపడనంత దూరం వెళ్ళి చూడకుండా బేరం ఒప్పుకోవద్దన్నాడు. ఒడ్డు దగ్గర ఏ బోటైనా బుద్ధిగానే ఉంటుంది, దాని బండారం బయటపడేది లోతులోనే అన్నాడు. బంగారం లాంటి మాటలు. అవి పడ్డ చెవులే వేరు.

పేట చివర ఓలేసు తన ఫైబర్ బోటు అమ్మకానికి పెట్టాడు. మనిషీ మంచోడు, బోటూ మంచిదే. ముగ్గురూ బయల్దేరారు. తాత రంగు చూడొద్దన్నాడు కదా, ఇంకేముంది, ముగ్గురూ కళ్ళకి తువ్వాళ్ళు బిగించి కట్టుకున్నారు. ఒకడి చొక్కా ఒకడు పట్టుకుని ఇసుకలో తడుముకుంటూ వచ్చారు. ఏది తగిలితే అది తట్టడమే. కొర్లయ్య ఐసు పెట్టెని తట్టి, బోలుగా ఉంది వద్దన్నాడు. తోటయ్య ఆగి ఉన్న ఆటోని తట్టి, దీనికి చక్రాలున్నాయి, బోటుకి మంచిదో కాదో తాతని అడగాలన్నాడు. దానేసు ఓలేసు వీపు మీద నాలుగు తట్టి, ఇది గట్టిగా ఉంది, కానీ చొక్కా ఎందుకు తొడిగారని అడిగాడు.

ఓలేసు నవ్వాపుకుని ముగ్గుర్నీ చేయి పట్టుకుని తన బోటులో కూర్చోబెట్టాడు. పెట్రోలు తెస్తాను, వచ్చాక సముద్రంలోకి వెళ్దామని చెప్పి పోయాడు. బోటు ఇసుక మీదే ఉంది. అలా కాసేపు కూర్చున్నాక దానేసు అడిగాడు.

"ఒరే, తీరం కనిపిస్తోందా?"

"నేదన్నా" అన్నారు తమ్ముళ్ళిద్దరూ.

"అయితే వచ్చేశాం" అన్నాడు దానేసు.

అంతే. తోటయ్యకి లోతు సముద్రం అనగానే కడుపులో తిప్పి వాంతయింది. కొర్లయ్య అలల్లేవని మెచ్చుకున్నాడు, బోటు ఇసుమంత కూడా ఊగడం లేదన్నాడు. వచ్చాం గనక వల కూడా వేసి చూద్దామని దానేసు బోటులో ఉన్న వల తీసి గిరాటేశాడు. ఆ పక్కనే పరదా మీద నెత్తళ్ళ చేపలు ఎండుతున్నాయి. ఎవరివి? నావే. మూడు రోజులు ఉప్పులో ఊరబెట్టి, కాకుల్ని తోలుకుంటూ ఎండబెట్టుకున్నవి. వలలో సగానికి సగం పోయాయి.

వల లాగి ఒకటి నోట్లో వేసుకున్నాడు కొర్లయ్య. కరకరలాడింది. అన్నా, ఇది ఎండి ఉంది, ఉప్పు కూడా పట్టి ఉందన్నాడు. దానేసు తనూ ఒకటి నమిలి చూసి, లోతుకి పోయేకొద్దీ ఉప్పెక్కువ కదా, ఇక్కడ చేప నీళ్ళలోనే ఊరి తయారైపోతుందని తేల్చాడు. అలా తయారైనదే అసలైన సముద్రపు చేపట, ఒడ్డు దగ్గర దొరికేవన్నీ పచ్చివట. నేను చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చాను. నోటికొచ్చినట్టు తిట్టాను, వీపులు వాయించాను. ముగ్గురూ చేతులు జోడించి, గంగమ్మ తల్లి నడిసముద్రంలో కనపడకుండా వచ్చి దీవిస్తోందని దణ్ణాలు పెట్టారు. ఇంకేం చెయ్యను, చీపురు కింద పడేసి కూర్చున్నాను.

ఓలేసు వచ్చేసరికి బేరం ఖాయం చేసేశారు. ఇంటికెళ్ళగానే ఇంజను మాట గుర్తొచ్చింది. తడవకూడదు, సముద్రం చూస్తే నిండా నీళ్ళే. ఇంకేముంది, వెనక్కెళ్ళి ఇంజను ఊడదీసి ఇంటికి మోసుకెళ్ళి, మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. దానేసు నేల మీద పడుకున్నాడు. మాసేనమ్మ పాపం దొంగల భయానికి తెచ్చారనుకుని మొదటిసారి వాళ్ళని మెచ్చుకుంది. ఆ మెప్పుతో వాళ్ళకి ఇంకా ఊపొచ్చింది.

రేపు వేట తెరుస్తారనగా, సాయంత్రం బోటుని ఛాతీ లోతు నీళ్ళలోకి తోసి లంగరేశారు. ఒడ్డున నిలబడి చూసుకుని దానేసు నెత్తి కొట్టుకున్నాడు. బోటు నీళ్ళలో ఉండాలని కదా మాసేనమ్మ చెప్పింది, సగమే నీళ్ళలో ఉంది, పై సగం గాలిలో ఉంది. ముగ్గురూ ఎక్కి కూర్చున్నారు. బెత్తెడు దిగింది. ఇంకా బోలెడు బయటే ఉంది. అంతే, గట్టు మీది రాళ్ళు మోయడం మొదలుపెట్టారు. పొద్దుగూకే వరకు మోశారు. అంచు మీంచి నీళ్ళు లోపలికి వచ్చి బోటు అడుక్కి కూర్చుంటే, ముగ్గురూ ఒకరినొకరు కౌగిలించుకున్నారు.

పొద్దున్న పేటంతా ఒడ్డునే. మాసేనమ్మ తలస్నానం చేసి, పసుపూ కుంకుమా కొబ్బరికాయా పట్టుకుని వచ్చింది. ఎల్లాజీ కూడా తన బోటు పక్కన నిలబడి చూస్తున్నాడు. మన బోటేదని మాసేనమ్మ అడిగింది. దానేసు ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి కాళ్ళ పక్కకి చూపించాడు.

"నీళ్ళలోనే ఉంది మాసేనా. వెంట్రుకంత కూడా బయట నేదు."

ఒడ్డంతా గొల్లున నవ్వింది. మాసేనమ్మ కొబ్బరికాయ ఒళ్ళో పెట్టుకుని ఇసుకలో కూలబడిపోయింది. ఆ మొహం చూసి పైడయ్య తాత అందర్నీ గదిమాడు. పేటంతా నీళ్ళలోకి దిగి రాళ్ళు తీసి, బోటుని ఒడ్డుకి లాగి నీళ్ళు తోడాం. నిజం చెప్పాలంటే ముందు దిగినవాడు ఎల్లాజీయే. ఇంజను మాత్రం మంచం మీద పొడిపొడిగా ఉంది. మధ్యాహ్నానికి బిగించి ముగ్గుర్నీ సముద్రంలోకి పంపాం. కళ్ళకి తువ్వాళ్ళు లేకుండా నేనే చూసి పంపాను.

సాయంత్రం బోట్లన్నీ తిరిగొచ్చాయి. మాసేనమ్మ గంప పట్టుకుని నిలబడింది, ఈసారి తల ఎత్తుకుని. దానేసు బోటు ఖాళీగా వచ్చింది. చేపలు పడలేదా అంటే, పడకేం, వల చిరిగేటన్ని పడ్డాయన్నారు. మరి ఏవీ అంటే, అన్నీ పచ్చిగా ఉన్నాయి, ఒక్కదానికీ ఉప్పు పట్టలేదు, ఎండలేదు, అందుకని తయారవమని మళ్ళీ నీళ్ళలో వదిలేశామన్నారు.

ఎల్లాజీ నవ్వలేక ఇసుకలో దొర్లాడు. మాసేనమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఇనండి ముగ్గురూ. రేపటి నుంచి బోటులో పడ్డ చేప ఒక్కటి కూడా బయటికి పోకూడదు" అంది. ముగ్గురూ తలూపారు.

మర్నాడు వచ్చింది చూడండి బోటు, అంచుల దాకా చేపలు. ఒడ్డున ఏ బోటులోనూ అన్ని లేవు. ఎల్లాజీ తనే వచ్చి చెల్లెలి గంప అందుకుని, నింపుతానమ్మా అన్నాడు. ఆ ఒక్క మాటకి మాసేనమ్మ కళ్ళు చెమర్చాయి. గంప పట్టుకుని ఇద్దరూ బోటు దగ్గరికి వెళ్ళారు. అంతే, ముగ్గురూ తెడ్లు అడ్డం పెట్టారు. ఒక్క చేప కూడా బయటికి పోకూడదని నువ్వే చెప్పావు కదా అన్నారు. తిట్టింది, బతిమాలింది, పైడయ్య తాత వచ్చాడు, ఎల్లాజీ అయితే వాళ్ళ కాళ్ళు కూడా పట్టుకోబోయాడు. వాళ్ళు కదల్లేదు. ఇచ్చిన మాట తప్పే రకం కాదు కదా.

అది జరిగి ఇవాళ్టికి నాలుగో రోజు. అదిగో, చివర ఉన్న నీలం బోటు, దాని మీద తెడ్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళే ముగ్గురూ. మీరడిగిన వాసన అక్కడి నుంచే వస్తోంది.