రాజుగారి వేటవేళ

అనగనగా, కోతులు సైతం కొమ్మ మీద కూర్చుని ఫోను చూసుకునే రోజుల్లో, ఒక అడవి ఉండేది. నవ్వకండి, నిజంగానే ఉండేది!

దానికి రాజు ఘర్ఘరమనే సింహం. అది ఏ వేళ, ఏ పొదచాటు నుంచి మీద పడుతుందో తెలియక జంతువులన్నీ వలసపోయాయి. ఆకలితో రాజు కడుపు వీపుకి అంటుకుపోయింది.

ఒకనాడు సింహం తన మంత్రి చతురికను పిలిచింది. చతురిక తెలివైన ఆడనక్క.

"పొరుగడవిలో కరువు పడింది. మన అడవికి వెబ్‌సైటు పెట్టి అక్కడి జంతువుల్ని రప్పించు. పున్నమిలోగా రాకపోతే నా భోజనం నువ్వే!"

చతురిక సరేనని బయల్దేరింది.

మొదట సైటు చేసిపెట్టమని నెమలిని బతిమాలింది. నెమలి రంగులు అద్దింది, పురివిప్పి ఆడే బొమ్మలు పెట్టింది. జంతువులు చూశాయి, "ఆహా!" అన్నాయి, ఫోను పక్కన పెట్టేశాయి. ఒక్కటీ రాలేదు.

తరువాత చిలకను పట్టుకుంది. చిలక వేరే సైట్లలోని మాటలన్నీ ఏరి తెచ్చి అతికించింది. "మా సముద్రతీరాన సేదతీరండి" అని కూడా ఉంది. ఆ అడవికి సముద్రం ఎక్కడ ఏడ్చింది? పొరుగడవి కోతులు పడీ పడీ నవ్వాయి. ఎవరూ రాలేదు. తెల్లారితే పున్నమి.

చతురిక పొరుగడవికి పరుగెత్తింది. చూలాలైన జింక ఒకటి ఎదురైంది.

"అక్కా, మా అడవికి ఎందుకు రావు?"

"నీళ్ళెక్కడున్నాయో రాయలేదు. మీ రాజు ఎప్పుడు వేటాడుతాడో అసలే రాయలేదు. ఏం చూసి రమ్మంటావు చెల్లీ? నా కడుపులో బిడ్డ ఉంది."

అది రాస్తే రాజు చంపుతాడు. రాయకపోయినా చంపుతాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చతురిక గుండె దిటవు చేసుకుని నిజమే రాసింది: "తూర్పు మడుగులో నీళ్ళున్నాయి. దారిలో ముళ్ళున్నాయి. రాజుగారు పొద్దుగూకాక పడమటి గట్టున వేటాడుతారు. పగలంతా నిద్రపోతారు."

తెల్లారేసరికి మడుగు చుట్టూ మందలే మందలు! వాటిలో ఆ జింకా ఉంది.

సింహం ఆ రాత చూసి గర్జించింది. "నా గుట్టు బయటపెడతావా? చెరిపెయ్!" అంటూ పంజా ఎత్తింది.

చతురిక చెరిపింది. ఫోనులో వేటవేళ కనబడకపోయేసరికి మందలు బెదిరాయి. ఒక్కొక్కటే వెనుదిరిగాయి. ఖాళీ అవుతున్న మడుగు వైపు సింహం గుటకలు మింగుతూ చూసింది. ఎత్తిన పంజా మెల్లగా దించింది.

"మళ్ళీ రాయి. మరి నా తిండి?"

"రాసింది చదవకుండా పడమటి గట్టుకు వచ్చేవాళ్ళు ఎప్పుడూ కొందరుంటారు, మహారాజా."

చతురిక మళ్ళీ రాసింది. జింక తిరిగొచ్చి మడుగులో మూతిపెట్టింది. అది చూశాకే చతురికకు ఊపిరాడింది.

రంగులు చూసి మెచ్చుకుంటారు. అక్కరకొచ్చే నిజం ఉంటేనే నమ్మి వస్తారు.